నిఘంటువులో మన అడవి

దమ్మపేట అడవి అంచున నున్న ఊరు. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలో నుండెను. 2016వ సంవత్సరమునుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. దానికి పడమట సత్తుపల్లి, తూర్పున అశ్వారావుపేట కలవు. ఉత్తరముగా పోయినచో భద్రాచలము వైపు సాగు అడవులు కానవచ్చును. ఊరి చుట్టును మామిడితోటలు, జీడిమామిడితోటలు, ఇటీవలి కాలమున పెరిగిన పామాయిలు తోటలు ఉన్నవి. వానిని దాటినచో టేకు, ఇప్ప, తునికి, మద్ది చెట్లును, వాని నడుమ కోయవారి గూడెములును కనబడును.

అట్టి ఊరిలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు కలడనుకొందము. అతనికి ఆంగ్లభాషలో గొప్ప పండితుడు కావలెనని కోరిక కలిగినది. అందరికి తెలిసిన మాటలు నేర్చుకొన్నచో గొప్ప యేమున్నది? ఎవరికిని తెలియని మాటలు నేర్వవలెనని అతడు నిశ్చయించుకొనెను. పెద్ద నిఘంటువు నొకదానిని సంపాదించి, అందులోని కఠినపదములను దినమునకు పది చొప్పున ఒక పుస్తకములో వ్రాసికొని, తెల్లవారుజామున లేచి వల్లించుట మొదలుపెట్టెను. సోమవారము నేర్చిన పది మాటలలో ఆదివారమునాటికి రెండో మూడో మిగిలెను. నెల గడచునప్పటికి పుస్తకము నిండినది గాని తల నిండలేదు. అప్పుడు బాలుడు నిరుత్సాహము చెంది, “నాకు జ్ఞాపకశక్తి లేదు; అదియునుగాక ఆ మాటలు మా ఊరివి కావు, ఎక్కడివో దూరదేశపువి. అవి నాకెట్లు అబ్బును?” అని పుస్తకము మూసివేసెను.

ఈ బాలుడు రెండు తీర్పులు చెప్పినాడు. తనకు జ్ఞాపకశక్తి లేదనుట మొదటిది. ఆ మాటలు తన ఊరివి కావనుట రెండవది. ఈ రెండును నిజములేనా? విచారింతము.

మొదటి తీర్పును పరీక్షించుటకు ఒక జర్మను పండితుని శ్రమ మనకు తోడ్పడును. ఆయన పేరు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన మఱపు ఎట్లు కలుగునో తెలిసికొనదలచి తన మీదనే పరీక్షలు చేసికొనెను. ఏ అర్థమును లేని అక్షరముల కూర్పులను వేలకొలదిగా కల్పించి, వానిని వరుసగా కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత మరచుచున్నాడో లెక్కవేసి, ఆ ఫలితములను 1885వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించెను. అర్థములేని కూర్పులతోపాటు ఆయన అర్థవంతమైన పద్యములను గూడ వల్లించి చూచెను. పద్యములు నేర్చుటకు పట్టిన శ్రమ, అంతే పొడవుగల అర్థములేని కూర్పులను నేర్చుటకు పట్టిన శ్రమలో సుమారు పదియవ వంతు మాత్రమే!

ఆయన కనుగొన్న మరియొక విషయము కూడ మనకు ఉపయోగించును. ఒక వరుసను ఒకే దినమున 68 సారులు వల్లించుటవలన కలిగిన ఫలము, దానిని మూడు దినములకు పంచి మొత్తము 38 సారులు వల్లించుటవలననే కలిగెను. ఒక్కసారిగా కురిసిన జడివాన వాగై పారిపోవును. విడిచి విడిచి పడిన వాన నేలలో ఇంకును. చదువును అట్టిదే.

దీనినిబట్టి మన బాలుని దోషము జ్ఞాపకశక్తిలో లేదని తెలియుచున్నది. అతడు మాటలను అర్థములేని కూర్పులుగా మార్చి వల్లించినాడు. మాట యొక్క రూపమును, చూడని వస్తువు పేరును పక్కపక్కన వ్రాసికొన్నంత మాత్రమున అర్థము కలుగదు. ఆ మాట ఎక్కడ పుట్టినది, ఎవరి నోట పెరిగినది, దేనిని చూపుచున్నది అని తెలిసిననాడే అది మనసులో నాటుకొనును.

ఇక రెండవ తీర్పు. ఆ మాటలు మన ఊరివి కావట! ఇది ఎంతవరకు నిజము?

నిఘంటువును తెరచి ‘బాండికూట్’ అను మాటను చూడుము. ఇది ఆంగ్లభాషలో అందరు వాడు మాట కాదు. దాని పుట్టుకను చెప్పుచు నిఘంటుకారులు తెలుగు మాటనే చూపుదురు. మన పందికొక్కే ఆ బాండికూట్! పందివలె గుర్రుమను పెద్ద ఎలుక కనుక మన రైతులు దానికి ఆ పేరు పెట్టిరి. పొలముగట్లను బొరియలతో గుల్లచేసి, ధాన్యమును తన కలుగులోనికి మోసికొనిపోవు ఈ జంతువు మీకందరికి తెలిసినదే. తెలుగుదేశమునకు వచ్చిన ఆంగ్లేయులు ఆ పేరును విని, తమకు నోరు తిరిగినట్లు పలికిరి. ఆ పేరు అక్కడితో ఆగక ఓడ ఎక్కినది. ఆస్ట్రేలియా ఖండమున పొడవైన మూతిగల చిన్న జంతువులను చూచిన తెల్లవారు వానిని గూడ ‘బాండికూట్’ అనియే పిలిచిరి. ఆ జంతువులకు మన పందికొక్కుతో చుట్టరికము లేదు. అవి కంగారువలె పిల్లలను సంచిలో పెంచునట్టివి. అయినను పేరు మాత్రము మన పొలముగట్టునుండి పోయినదే. 1873వ సంవత్సరమున జంతుశాస్త్రజ్ఞుడు గ్రే పందికొక్కుల జాతికి ‘బాండికోటా’ అని శాస్త్రనామము నుంచెను. నేడు ఏ దేశపు శాస్త్రజ్ఞుడు ఆ జంతువును గూర్చి వ్రాసినను ఆ పేరు వ్రాయక తప్పదు.

‘పిట్టా’ అను మాట ఇంకను అరుదైనది. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఖండములలోని అడవులలో నివసించు కొన్ని రంగురంగుల పక్షులకు అది పేరు. 1816వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు పక్షిశాస్త్రజ్ఞుడు వీయో ఆ జాతికి ఈ పేరు స్థిరపరచెను. ఇది మన ‘పిట్ట’ తప్ప వేరు కాదు. మనము పిచ్చుక మొదలు చిన్న పక్షులన్నిటిని పిట్టలందుము. శాస్త్రము ఆ మాటను ఒక జాతికి మాత్రమే పరిమితము చేసినది. ఆ జాతిలో మన దేశపు పక్షి ఒకటి కలదు. తొమ్మిది రంగుల దగుటచేత ఉత్తరదేశమున దానిని నవరంగి యందురు. వానకాలమున మధ్యభారతమునందును హిమాలయపు దిగువ భాగములందును గూడు కట్టి, చలికాలమున దక్షిణదేశమునకు వలస వచ్చును. అడవినేలపై రాలిన ఆకులను తిరుగవేసి పురుగులను ఏరుకొనును. ఉదయము, సాయంకాలము ఎక్కువగా కూయుటచేత తమిళులు దానిని ఆరుగంటల పక్షి యని పిలుతురు. ఇంత తెలిసిన పిమ్మట ‘పిట్టా’ అను మాటను ఎవరైనను మరువగలరా?

ఆంగ్లేయులు మన దేశమునకు మొదట వచ్చినది వర్తకము కొరకు. కనుక వారు వర్తకపు మాటలను ఎక్కువగా గ్రహించిరి. సరకులు నిలువచేయు ఇంటిని ‘గోడౌన్’ అందురు. దిగువకు పోవుట యను ఆంగ్ల మాటలవలె ధ్వనించుటచేత, నేలమాళిగలోనికి దిగి సరకు దాచుటవలన ఈ పేరు వచ్చినదని కొందరు పొరబడుదురు. నిజమునకు ఇది మలయా భాషలోని ‘గుదాంగ్’ నుండి ఆంగ్లమునకు వచ్చినది. ఆ మలయా మాటకు మూలము మన ‘గిడ్డంగి’, తమిళుల ‘కిడంగు’ అని పండితుల అభిప్రాయము. తెలుగు, తమిళ వర్తకులు సముద్రము దాటి తూర్పుదీవులకు పోయిన కాలపు గుర్తు ఆ ఒక్క మాటలో నిలిచియున్నది.

‘గార్సు’ అను మరియొక మాట కలదు. నేటి ఆంగ్లేయులలో నూటికి ఒక్కరైనను దీనిని ఎరుగుదురో లేదో! ఇది చెన్నపట్టణపు తీరమున ధాన్యమును కొలుచుటకు వాడిన పెద్ద కొలత. అచ్చట 400 మరకాళ్లు ఒక గార్సు. బరువులో నాలుగు వేల కిలోగ్రాములకు మించును. హెన్రీ యూలు, బర్నెలు అను ఇద్దరు పండితులు భారతదేశమున ఆంగ్లేయులు వాడిన మాటలను కూర్చి, 1886వ సంవత్సరమున ‘హాబ్సన్ జాబ్సన్’ అను నిఘంటువుగా ప్రకటించిరి. బర్నెలు చెన్నరాజధానిలో ఉద్యోగము చేసినవాడు. గ్రంథము వెలువడక మునుపే, 1882లో, మరణించెను. ఆ గ్రంథము ‘గార్సు’ మాటకు మూలము తెలుగులోని ‘గరిసె’ యని చెప్పుచున్నది.

మన బాలుడు ఈ మాటను నిఘంటువులో చూచి, ఇంటిలోనికి పోయి నాయనమ్మ నడిగెననుకొందము.

“నాయనమ్మా! గరిసె యనగా నేమి?”

“అయ్యో నాయనా, గరిసె తెలియదా? వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, పేడతోను మట్టితోను అలికి, అందులో వడ్లు పోసెడివారము. మా పుట్టింటి వాకిట రెండు గరిసెలు ఉండెడివి. నీవు పుట్టునాటికే తీసివేసిరి. ఇప్పుడన్నియు గోనెసంచులే కదా! ఆ మాట నీకెవరు చెప్పినారు?”

“ఆంగ్ల నిఘంటువు చెప్పినది, నాయనమ్మా!”

విద్యార్థులారా! ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. నాయనమ్మ నోట నుండిన మాట మనుమనికి తెలియదు. ఏడు సముద్రముల ఆవలివారి పుస్తకము దానిని భద్రపరచి, తిరిగి అతని చేతి కిచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమా, సిగ్గుపడదగిన విషయమా? రెండును. ఈ సంగతిని మరల చివర తలచుకొందము.

మన ఖమ్మము ప్రాంతపు నేలలో దొరకు రాయికి గూడ నిఘంటువులో స్థానము కలదు. ‘కోరండము’ అను ఖనిజము మిక్కిలి కఠినమైనది. ఖనిజముల కాఠిన్యమును ఒకటినుండి పదివరకు లెక్కింతురు. వజ్రము పదియైనచో ఇది తొమ్మిది. కెంపులు, నీలములు ఈ ఖనిజపు భేదములే. వన్నెలేని రాయి సానపట్టుటకు, అరగదీయుటకు ఉపయోగించును. ఆ పేరు తమిళమున ‘కురుందము’, తెలుగున ‘కురువిందము’ అను మాటలకు సంబంధించినది. సంస్కృతమున కురువింద మనగా కెంపు. ‘కోరండము’ అల్యూమినియము, ఆమ్లజనిల కలయికయని రసాయనశాస్త్రము చెప్పును. ఆ మాట మన నేలదని భాషాశాస్త్రము చెప్పును. అడవిలోని టేకు కథయు ఇట్టిదే. మలయాళపు ‘తేక్కు’ పోర్చుగీసువారి నోట ‘తేకా’ అయి, ఆంగ్లేయుల నోట ‘టీక్’ అయినది.

అన్ని మాటలును మన నుండియే పోయినవని భావింపరాదు. కొన్ని మాటలు వారివే; కాని వాని అర్థము మన అడవిలో చూడవచ్చును. ‘స్విడెన్’ అను మాట అట్టిది. ఉత్తర ఇంగ్లండులోని పల్లెల మాట యిది. దాని ధాతువు ప్రాచీన నార్సుభాషలో కాల్చుట, కమరుట అను అర్థము గలది. చాల కాలము అది పల్లెలలోనే మరుగుపడియుండెను. లావోసుదేశపు కొండజాతి నొకదానిని గూర్చి 1951వ సంవత్సరమున గ్రంథము వ్రాసిన స్వీడన్‌దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఇజికోవిట్జ్, చెట్లు నరికి కాల్చి ఆ బూడిదలో విత్తు వ్యవసాయమునకు ఆ మాటను వాడెను. నాటినుండి అది ప్రపంచమంతట శాస్త్రగ్రంథములలో వ్యాపించినది. ఆ వ్యవసాయమేమో మీకు చెప్పనక్కరలేదు. అదే మన పోడు. గోదావరి కొండలలోని కొండరెడ్ల జీవితమును గూర్చి 1945వ సంవత్సరమున హైమెన్‌డార్ఫు అను పండితుడు ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. పట్నపు విద్యార్థి ‘స్విడెన్’ మాటకు అర్థము నాలుగు పంక్తులు వల్లింపవలెను. దమ్మపేట బాలుడు ఒక్క పోడు పొలమును తలచుకొన్నచో చాలును. ఇచ్చట ఎవరు ముందున్నారు?

కాబట్టి మన బాలుని రెండవ తీర్పు కూడ చెల్లదు. నిఘంటువు దూరదేశపు వస్తువే గాని, దానిలో మన పొలముగట్టు, మన గాదె, మన అడవి కూడ ఉన్నవి.

ఇక నొక హెచ్చరిక. మన మాట పరదేశమున కనబడినదను సంతోషముతో, శబ్దసామ్యము కలిగిన ప్రతి మాటయు మనదేయని చెప్పుకొనుట తగదు. ‘క్యాష్’ అను మాటను చూడుము. రొక్కము అను అర్థముగల ‘క్యాష్’ పెట్టె యను అర్థముగల ఫ్రెంచి, ఇటలీ మాటలనుండి వచ్చినది. పూర్వము చెన్నపట్టణమున చెల్లిన చిన్న నాణెమునకు గూడ ఆంగ్లేయులు ‘క్యాష్’ అనియే వ్రాసిరి. ఇది మన ‘కాసు’నకు బంధువు, పోర్చుగీసువారి ద్వారా వారికి చేరినది. వ్రాత యొకటే, పలుకు ఒకటే, రెండును డబ్బునకు సంబంధించినవే. కాని పుట్టుక వేరు. చెవిని మాత్రమే నమ్మినవాడు ఇచ్చట మోసపోవును. పాత గ్రంథములలోని ప్రయోగములను పరిశీలించినవాడు మాత్రమే నిజము చెప్పగలడు.

మూలము తెలిసినచో తప్పులు గూడ తొలగును. ‘గూస్’ అనగా బాతుజాతి పక్షి. దానికి బహువచనము ‘గీస్’. దీనినిబట్టి ముంగిసను తెలుపు ‘మంగూస్’ మాటకు బహువచనము ‘మంగీస్’ అని పలువురు వ్రాయుదురు. అది తప్పు. ఆ మాటకు పక్షితో సంబంధము లేదు; అది మరాఠీలోని ‘ముంగూస్’ నుండి ఆంగ్లమునకు చేరినది. కనుక బహువచనము ‘మంగూసెస్’ అనియే. మన ‘ముంగిస’ను ఎరిగిన విద్యార్థి ఈ తప్పు ఎన్నడును చేయడు.

ఇంత పెద్ద నిఘంటువులను ఎవరు, ఎట్లు కూర్చిరి? ఈ కథ గూడ వినదగినది. అప్పటి నిఘంటువులలో లోపములు పెక్కు కలవని 1857వ సంవత్సరమున లండనులోని భాషాశాస్త్ర సంఘమువారు గుర్తించి, క్రొత్త నిఘంటువును సంకల్పించిరి. 1879వ సంవత్సరమున ఆ పని జేమ్సు మరే అను పండితునికి అప్పగింపబడెను. మరే స్కాట్లండు పల్లెలో ఒక దర్జీ కుమారుడు. జీతము చెల్లించు స్తోమతు లేక పదునాలుగవ యేటనే బడి మానినవాడు. అట్టివాడు స్వయంకృషిచే అనేక భాషలు నేర్చెను. ఆయన, “మీరు చదువు పుస్తకములలో అపూర్వమైన మాట కనబడినప్పుడెల్ల, ఆ వాక్యమును, గ్రంథము పేరును, సంవత్సరమును చీటిపై వ్రాసి పంపుడు” అను భావముతో ఆంగ్లము చదువు ప్రజలందరికి విజ్ఞప్తి పంపెను. నానాదేశములనుండి లక్షలకొలది చీటీలు వచ్చి పడెను. ఆయన ఇనుపరేకుల కొట్టమొకటి వేయించి, గోడలకు గూళ్లు అమర్చి, అందులో చీటీలను అక్షరక్రమమున సర్దుకొని పనిచేసెను. మొదటి భాగము 1884లో వెలువడెను. పని ముగియకమునుపే, 1915లో, మరే మరణించెను. నాలుగు లక్షలకు పైగా మాటలతో ఆ మహాగ్రంథము 1928వ సంవత్సరమున పూర్తియైనది. అదే ఆక్సుఫర్డు ఆంగ్ల నిఘంటువు. రాజులు కట్టించినది కాదు. ఊరూర కూర్చుండి చీటీలు వ్రాసిన సామాన్యులు కట్టినది.

మన భాషకు ఇట్టి సేవ చేసినవారిలో చార్లెసు ఫిలిప్ బ్రౌను ముఖ్యుడు. ఆయన 1798వ సంవత్సరమున కలకత్తాలో జన్మించెను. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చెను. అప్పుడు ఆయనకు తెలుగు మాటలు, మన బాలునికి ఆంగ్లపు మాటలవలెనే, కొరుకుడుపడనివి. ఆయన వేమన పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. వ్రాతప్రతులను వెదకించి, పండితులను చేర్చి, పండితుల మాటలతోపాటు పామరుల మాటలను గూడ గ్రహించి, 1852లో తెలుగు ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్య పదములకు వేరుగ ఒక నిఘంటువును 1854లో అచ్చువేయించెను. ఉద్యోగము విడిచి ఇంగ్లండునకు పోయినను తెలుగును విడువక, 1865నుండి లండనులో తెలుగు ఆచార్యుడై యుండెను. 1884లో, మరే నిఘంటువు మొదటి భాగము వెలువడిన సంవత్సరముననే, ఆయన మరణించెను. పరభాషలోని అపురూపపదములు నేర్చుటకు బ్రౌను చేసినదేమి? మాటను పుస్తకములో చూచెను, ప్రజల నోట వినెను, వాక్యముతోపాటు వ్రాసికొనెను. మనము చేయవలసినదియు అదియే.

కాబట్టి కఠినపదములు నేర్వగోరు విద్యార్థి ఈ పద్ధతి నవలంబింపవచ్చును. దినమునకు పది మాటలు వద్దు, రెండు చాలును. ఒక్కొక్క మాటకు ఒక చీటి చేసికొనవలెను. చీటిపై మాటను, అది కనబడిన వాక్యమును మొదట వ్రాయవలెను. వాక్యములేని మాట నీటిలోనుండి తీసిన చేప వంటిది. పిమ్మట నిఘంటువులో దాని పుట్టుకను చూచి ఒక్క పంక్తిలో వ్రాయవలెను. ఆ మాట సూచించు వస్తువు మన ఊరిలో నున్నదేమో చూచి, దాని తెలుగు పేరు వ్రాయవలెను. లేనిచో దాని బొమ్మ గీయవలెను. చివరకు ఆ మాటతో ఒక వాక్యము తానే కూర్చవలెను. చీటిని మరునాడు ఒకసారి, మూడవనాడు ఒకసారి, వారమునకు ఒకసారి, నెలకు ఒకసారి తీసి, అర్థమును చేతితో కప్పి, తలచుకొనుటకు ప్రయత్నింపవలెను. ఇట్లు చేసినచో ఏడాదికి ఏడు వందల మాటలు వచ్చును, వచ్చినవి పోవు.

నేర్చిన మాటలను వాడుటలో గూడ వివేకము కావలెను. అపురూపమైన మాట పండుగనాడు తీసి పెట్టుకొను నగ వంటిది. ప్రతిదినమును అన్ని నగలు ధరించి పొలమునకు పోవువాని నెవరును మెచ్చరు. ఎదుటివానికి అర్థము కాకుండుటకే మాట్లాడినచో ఆ పాండిత్యమువలన ప్రయోజన మేమి? చదువునప్పుడు రచయిత హృదయమును గ్రహించుటకు, వ్రాయునప్పుడు మరి యే మాటయు చాలనిచోట సరియైన మాటను ఉంచుటకు మాత్రమే అరుదైన మాటలు అవసరము. ‘పోడు’ అని చెప్పిన చోట వేరు మాట అక్కరలేదు. ప్రపంచములోని పండితులకు పోడును గూర్చి తెలుపవలసినప్పుడు ‘స్విడెన్’ కావలెను.

ఇప్పుడు గరిసె సంగతి మరల తలచుకొందము. ఆంగ్లభాష ధనవంతమైన దగుటకు ఒక కారణము, అది ఏ వాకిట దొరకిన మాటనైనను ఏరుకొని దాచుకొనుటయే. మనమో, ఉన్న మాటలను జారవిడుచుచున్నాము. వస్తువు పోయినప్పుడు మాట పోవుట సహజము. కాని మాటను వ్రాసి యుంచినచో, వస్తువు పోయిన తరువాత గూడ దాని జ్ఞానము మిగులును. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయపు మాటలతో మాండలిక వృత్తిపదకోశమును 1962వ సంవత్సరమున ప్రకటించిరి. రైతుల నోటి మాటలను జిల్లా జిల్లాకు తిరిగి సేకరించిన గ్రంథమది. ఆ పని ఇంకను ముగియలేదు.

దమ్మపేట బడిలోని తరగతిగదిని తలచుకొనుడు. ఒక బల్లపై ఇంట తెలుగు మాట్లాడు బాలుడు, అతని పక్కన ఇంట కోయభాష మాట్లాడు బాలుడు కూర్చుండవచ్చును. కోయభాష తెలుగునకు, గోండీకి చుట్టమైన ద్రావిడభాష. ఆ బాలుడు తల్లివద్ద ఒక భాష, బడిలో రెండవ భాష, పాఠ్యపుస్తకములో మూడవ భాష నేర్చుచున్నాడు. అతనికి చదువు రాదని తొందరపడి తలచువారు ఈ సంగతి గమనింపవలెను. అడవిలోని చెట్టునకు, తీగకు, పిట్టకు అతని తాత యెరిగిన పేర్లు ఏ నిఘంటువులో నున్నవి? కొన్ని ఉన్నవేమో; పెక్కు మాటలు ఆ తాత నోటనే ఉన్నవి. ఆ తాత పోయిన దినమున అవియు పోవును.

కనుక మన బాలుడు మూసివేసిన పుస్తకమును మరల తెరచుగాక. ఎడమవైపు పుటలో ‘గార్సు’ అని ఆంగ్లపు మాట వ్రాయుగాక. కుడివైపు పుటలో గరిసె యని వ్రాసి, నాయనమ్మ చెప్పిన వెదురుబద్దల సంగతి, పేడ అలికిన సంగతి, వాకిట రెండు గరిసెలున్న సంగతి వ్రాయుగాక. పక్కనున్న మిత్రుని అడిగి, దానిని కోయభాషలో ఏమందురో దాని క్రింద వ్రాయుగాక. అప్పుడు అతడు ఒక మాటకు బదులు మూడు మాటలు నేర్చినవాడగును. ఆ మూడింటిలో ఏ ఒక్కటియు అతడు ఇక మరువడు.